అన్నీ గెలిచినా పేరెందుకు రాదు? బాక్సింగ్ గెలుపుల విలువపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బాక్సింగ్ నేర్చుకునే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ఫైట్లు వదలకుండా చూసే కుర్రాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. లాస్ వేగాస్‌లో శనివారం రాత్రి జరిగే పెద్ద ఫైటు మనకి ఆదివారం ఉదయం టిఫిన్ల వేళకి వస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా గెలిచినవాడి మీద తీర్పులు వచ్చేస్తాయి. ఆ తీర్పుల్లో ఎక్కువ భాగం తొందరపాటువని మా నమ్మకం. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాం.

ప్రతి ఫైటూ అవలీలగా గెలుస్తున్నాడు. అయినా "ఆడు ఎవర్ని కొట్టాడులే" అంటారేటి?

మన కరణం మల్లీశ్వరి సంగతి తీసుకోండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ 240ని ఎవరూ 230 చెయ్యలేరు. "ఆరోజు ఇనుము నీరసంగా ఉందిలే" అనేవాడు ఉండడు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడలో ఏ పిల్లనడిగినా ఈ మాట చెబుతుంది: రాడ్డు మీద ఎంతుందో అంతే లెక్క.

బాక్సింగులో ఆ రాడ్డు లేదు. గెలుపుని తూచడానికి దొరికే రాయి ఒక్కటే, ఎదుటివాడు. చిక్కంతా అక్కడే ఉంది. గెలిచిన మరుక్షణం ఆ రాయి అరిగిపోతుంది. నిన్నటి దాకా ఓటమెరుగని వీరుడు ఇవాళ ఓడినవాడు. ఓడినవాడిని కొట్టడం ఏం గొప్ప అనిపిస్తుంది. పోటాపోటీగా గెలిస్తే రాయి కొంచెమే అరుగుతుంది. చితక్కొట్టి గెలిస్తే పొడి అయిపోతుంది. అంటే ఎంత బాగా గెలిస్తే ఆ గెలుపు అంత తేలిగ్గా కనిపిస్తుంది.

దీనికి ఈ మధ్య కాలంలో ఒక మంచి ఉదాహరణ చెప్పగలరా?

2023 జూలై 29, లాస్ వేగాస్. 147 పౌండ్ల వెల్టర్‌వెయిట్‌లో టెరెన్స్ క్రాఫర్డ్, ఎరోల్ స్పెన్స్. ఇద్దరికీ ఓటమి లేదు. స్పెన్స్ 28 ఆడి 28 గెలిచాడు, ఆ బరువులోని నాలుగు ఛాంపియన్ బెల్టుల్లో మూడు అతని దగ్గరున్నాయి. నాలుగోది క్రాఫర్డ్ దగ్గర. ముందురోజు వరకూ ఎవరు గెలుస్తారో తేల్చి చెప్పలేక నిపుణులు రెండుగా చీలిపోయారు. మొదటి రౌండులో కూడా పెద్ద తేడా కనపడలేదు.

రెండో రౌండు నిదానంగా పెట్టుకుని చూడండి. స్పెన్స్, క్రాఫర్డ్ ఇద్దరూ సౌత్‌పాగా నిలబడ్డారు, కుడి చెయ్యి ముందుకి. స్పెన్స్ అడుగు లోపలికి వేస్తున్నాడు. క్రాఫర్డ్ ఎడమ చెయ్యి సూటిగా వచ్చి తగిలింది, దాని వెనకే కుడిచేత్తో చిన్న జాబ్, అంటే ముందున్న చేత్తో వేసే సూటి దెబ్బ. స్పెన్స్‌ని కింద కూర్చోబెట్టింది ఆ జాబే. కెరీర్‌లో అతను కింద పడటం అదే మొదటిసారి. బలంతో తోసిన దెబ్బ కాదది. స్పెన్స్ బరువు ముందుకి వాలిన క్షణం చూసి వేసినది. ఏడో రౌండులో ఇంకో రెండుసార్లు పడ్డాడు. తొమ్మిదిలో రెఫరీ ఆపేశాడు. అప్పటికి ముగ్గురు జడ్జిల కార్డుల మీదా క్రాఫర్డ్‌కి 79-70. పంచుల లెక్క: క్రాఫర్డ్ 369 విసిరితే 185 తగిలాయి, స్పెన్స్ 480 విసిరితే 96 తగిలాయి.

ఆ మర్నాటికే మాట మారిపోయింది. 2019లో కారు ప్రమాదం జరిగింది కదా, 2021లో కంటికి ఆపరేషన్ అయింది కదా, 147కి బరువు దింపలేక నీరసపడ్డాడు కదా. ప్రమాదం, ఆపరేషన్ నిజాలే. కానీ ఆ ప్రమాదం తర్వాతే స్పెన్స్ డానీ గార్సియాని, ఉగాస్‌ని గెలిచాడు. అప్పుడు ఈ లోపాలు ఎవరికీ గుర్తు రాలేదు. జూలై 28న ఎంతమంది నోట ఈ మాటలు వినపడ్డాయో, 30న ఎంతమంది నోట వినపడ్డాయో పోల్చుకోండి. ఆ తేడా క్రాఫర్డ్ ఆటలో వచ్చిన తేడా కాదు.

ముసలివాడిని కొట్టి గెలిచాడంటే తక్కువ గెలుపే కదా?

కొన్నిసార్లు అవును. ల్యారీ హోమ్స్ కథ అదే. కుర్రతనంలో మహమ్మద్ అలీకి స్పారింగ్ (సాధన ఫైట్ల) భాగస్వామిగా పనిచేసినవాడు, 1980 అక్టోబర్ 2న అదే అలీతో టైటిల్ ఫైట్ ఆడాల్సి వచ్చింది. అలీకి అప్పుడు 38 ఏళ్ళు, రెండేళ్ళుగా రింగు ఎక్కలేదు. హోమ్స్ ప్రతి రౌండూ గెలిచాడు. పదో రౌండు అయ్యాక అలీ కార్నరే, అంటే రింగు మూల ఉండే అతని కోచ్ బృందమే, ఫైటు ఆపేసింది. జనం దాన్ని చచ్చిన పాముని కొట్టడంగానే చూశారు. ఓడిపోయి ఉంటే "ముసలాడి చేతిలో ఓడాడు" అని జీవితాంతం అనేవాళ్ళు. అలాంటి ఫైట్లో గెలిచినా ఓడినా దక్కేదేమీ ఉండదు.

బాధేమిటంటే ఆ ఒక్క నీడ హోమ్స్ చేసిన మిగతా పనంతటినీ కప్పేసింది. 1978లో కెన్ నార్టన్‌తో 15 రౌండ్ల పోరు ఆఖరి రౌండు మీద తేలింది. 1982లో జెర్రీ కూనీని 13వ రౌండులో ఆపాడు. హెవీవెయిట్ టైటిల్‌ని 20 సార్లు నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్ చరిత్రలో అతని జాబ్‌కి సాటి వచ్చే జాబ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 48 వరస గెలుపుల తర్వాత, రాకీ మార్సియానో ఓటమి లేకుండా గెలిచిన 49కి ఒక్క మెట్టు దిగువన, 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. మనసుపెట్టి హోమ్స్ జాబ్ చూడని బాక్సింగ్ విద్యార్థి ఏదో పోగొట్టుకుంటున్నట్టే.

క్లిచ్కో తొమ్మిదేళ్ళు ఛాంపియన్. అయినా అతని ఫైట్లు చూస్తే నిద్దరొస్తుందంటారు. అది అతని తప్పా?

కొంత తప్పు, కొంత తెలివి. వ్లాదిమిర్ క్లిచ్కో 2006 ఏప్రిల్ నుంచి 2015 నవంబర్ దాకా హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్నాడు. ఆ కాలంలో టైటిల్‌ని 18 సార్లు నిలబెట్టుకున్నాడు. ఆ ఆటతీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. 2003లో కోరీ సాండర్స్ రెండో రౌండులో పడేశాడు. 2004లో లామన్ బ్రూస్టర్‌తో బాగా ఆడుతూ ఆడుతూ ఊపిరి అయిపోయి అయిదో రౌండులో కూలిపోయాడు. కోచ్ ఎమాన్యుయెల్ స్టీవార్డ్ ఆ తర్వాత అతన్ని కొత్తగా తీర్చిదిద్దాడు. 6 అడుగుల 6 అంగుళాల మనిషి కాబట్టి దూరం నుంచి జాబ్. జాబ్ కింద నుంచి ఎవరైనా దూరి దగ్గరికొస్తే రెండు చేతులూ పట్టేసి, మెడ మీద 110 కిలోల బరువు వేలాడదీయడం. రెఫరీ విడదీస్తాడు. మళ్ళీ మొదటి నుంచి.

ఆ పట్టు ఎదుటివాడికి ఏం చేస్తుందో బయటికి కనపడదు. మెడ మీద పడ్డ బరువుని ప్రతిసారీ నడుముతోనూ తొడలతోనూ ఎత్తాలి. ఆరో రౌండుకి కాళ్ళు బరువెక్కుతాయి, లోపలికి దూకే శక్తి పోతుంది. అప్పుడు కుడిచెయ్యి వస్తుంది. కానీ చూసేవాడికి కనపడేది ఇద్దరు కౌగిలించుకోవడమే. 2013లో మాస్కోలో పోవెట్కిన్‌ని నాలుగుసార్లు పడగొట్టి 119-104తో గెలిచాడు. ఆ ఫైటు పేరెత్తితే నాక్‌డౌన్లు ఎవరికీ గుర్తుండవు, పట్టుకోవడమే గుర్తుంటుంది. ఆ రాత్రి రెఫరీ ఒక్క పాయింటే కోశాడు, ఇంకా కోసి ఉండాల్సిందనే మేమూ అంటాం.

ఇంకో కారణం ఉంది. ఆ కాలంలో అతనికి దీటైన హెవీవెయిట్ అతని సొంత అన్న విటాలి. ఒకరితో ఒకరు ఎప్పటికీ తలపడబోమని అన్నదమ్ములు అమ్మకి మాటిచ్చారు. సాటివాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

మనసుని కలచే విషయం చివర్లో ఉంది. 2017 ఏప్రిల్ 29న వెంబ్లీలో సుమారు 90,000 మంది ముందు 41 ఏళ్ళ క్లిచ్కో, ఆంథనీ జాషువా చేతిలో అయిదో రౌండులో పడ్డాడు, లేచాడు, ఆరో రౌండులో జాషువాని పడగొట్టాడు, పదకొండులో ఓడిపోయాడు. అన్నేళ్ళ గెలుపులు తేలేని అభిమానాన్ని ఆ ఒక్క ఓటమి తెచ్చిపెట్టింది.

అంటే జనానికి గెలుపు కన్నా కష్టమే ఇష్టమా?

అవును, కష్టం కంటికి కనపడాలి. ఆర్టూరో గాట్టీ, మికీ వార్డ్ 2002, 2003లో మూడుసార్లు తలపడ్డారు. బాక్సింగ్ అభిమానులు వాళ్ళని ఇప్పటికీ గుండెల్లో పెట్టుకుంటారు. ఆ గాట్టీనే 2005లో ఫ్లాయిడ్ మేవెదర్ ఆరు రౌండ్లలో అయిపోజేస్తే, ఆ ఆరు రౌండ్ల పనితనం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అలీ కూడా 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడకపోయి ఉంటే, 1975లో మనీలాలో అదే ఫ్రేజియర్‌తో ఆడిన ఫైటుకి ఆ బరువు వచ్చేది కాదు. దీటైన ప్రత్యర్థి దొరకడం బాక్సర్ చేతిలో ఉండే పని కాదు. ఏ కాలంలో పుట్టాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

మేవెదర్ 50-0, అంటే 50 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు. అంతకన్నా ఏం కావాలి?

అంకె చాలు అనుకునేవాళ్ళు ఒక వైపు, అంకెని కాపాడుకోవడానికే ఆడాడనేవాళ్ళు మరో వైపు. పాకియావ్‌తో ఫైటు గురించి 2009-10లోనే మాటలు నడిచాయి, డ్రగ్ పరీక్షల దగ్గర చెడిపోయాయి. జరిగింది 2015 మే 2న. అప్పటికి మేవెదర్‌కి 38, పాకియావ్‌కి 36, పైగా 2012 చివర్లో మార్కెజ్ చేతిలో పాకియావ్ నాకౌట్ అయి ఉన్నాడు. మేవెదర్ 148 పంచులు తగిలించాడు, పాకియావ్ 81. తీర్పు ఏకగ్రీవం, అందులో అనుమానం లేదు. అయినా "అయిదేళ్ళ క్రితం అయితే?" అన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆలస్యానికి ఇద్దరి వైపు వాళ్ళూ కారణమే, మచ్చ మాత్రం గెలిచినవాడికే అంటింది.

ఇన్ని బెల్టులున్నాయి కదా, మంచివాళ్ళతోనే ఆడొచ్చుగా?

ఆడటం అంత తేలిక కాదు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు. ఒక సంస్థ ర్యాంకింగుల్లో మిగతా సంస్థల ఛాంపియన్లు ఉండరు. కాబట్టి "మా నంబర్ వన్‌తో తప్పనిసరిగా ఆడు" అని ఉత్తరం వచ్చినప్పుడు, ఆ నంబర్ వన్ నిజానికి ఆ బరువులో అయిదోవాడో ఆరోవాడో అవుతాడు. నాలుగు బెల్టులూ ఒకడి దగ్గరే ఉంటే నలుగురు తప్పనిసరి ప్రత్యర్థులు వరసలో నిలబడతారు. ఆడకపోతే బెల్టు పోతుంది. ఆడితే "ఎవడో అనామకుడిని కొట్టాడు" అనే మాట. ఉసిక్ 2024 మే 18న ఫ్యూరీని గెలిచి హెవీవెయిట్ నాలుగు బెల్టులూ ఒకచోటికి తెచ్చాడు. జూన్‌లోనే ఐబీఎఫ్ బెల్టు వదిలేయాల్సి వచ్చింది. క్రాఫర్డ్‌కి కూడా 2023లో స్పెన్స్‌ని గెలిచిన కొద్ది నెలలకే ఐబీఎఫ్ బెల్టు పోయింది.

మరి విమర్శలన్నీ అన్యాయమేనా?

కాదు. న్యాయమైనవి ఉన్నాయి, వాటిని దాచకూడదు. రాయ్ జోన్స్ జూనియర్ లాంటి ప్రతిభ అరుదు. కానీ లైట్ హెవీవెయిట్‌లో మరో బెల్టు చాలాకాలం పట్టుకున్న మికాల్చెవ్స్కీతో ఎప్పుడూ ఆడలేదు. 1999 జనవరిలో అతని ప్రత్యర్థి రిక్ ఫ్రేజియర్ అనే పోలీసు ఉద్యోగి. గోలోవ్కిన్ వరసగా 23 మందిని నాకౌట్ చేశాడు, నిజమే. ఆ వరసలో 2016లో వచ్చిన కెల్ బ్రూక్ మాత్రం 147 పౌండ్ల మనిషి, రెండు మెట్లు ఎక్కి 160లో నిలబడ్డాడు. ఇలాంటివి లెక్కలో తీసెయ్యాలి. అయితే ఆ ఒక్క ఫైటు విలువే తగ్గించాలి, మనిషి కెరీర్ మొత్తాన్ని కాదు.

గెలుపు విలువ మనమే కొలవాలంటే ఎలా?

ఫైటుకి రెండు మూడు రోజుల ముందు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దీనికి పావుగంట చాలు. ఇద్దరి రికార్డులూ బాక్స్‌రెక్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

1. ఎదుటివాడి వయసు, ఆఖరి ఫైటు తేదీ. ఏడాది దాటిన విరామం ఉంటే గుర్తు పెట్టండి.
2. అతని చివరి అయిదు ఫైట్లు ఏ బరువులో ఆడాడు. ఇప్పుడు ఎక్కాడా, దిగాడా.
3. అతను ఓడిన ఫైట్లు. పాయింట్లతోనా, నాకౌట్‌తోనా, ఎంత కాలం కింద.
4. ఫైటుకి ఎన్ని వారాల ముందు ఒప్పుకున్నాడు. మూడు నాలుగు వారాల్లో పిలిస్తే వచ్చినవాడు బరువు దింపడానికే ఆ సమయం ఖర్చుపెడతాడు.
5. ఒప్పందంలో బరువు షరతు ఏదైనా ఉందా. 2013లో మెక్సికో బాక్సర్ కెనెలో 154 పౌండ్లలో ఆడేవాడు, మేవెదర్‌తో 152కి దిగాల్సి వచ్చింది.
6. మీ లెక్కలో ఎవరు గెలుస్తారు, ఎలా.

ఇక్కడ ఒక్క నియమం గట్టిగా పాటించండి. ఫైటుకి ముందు మీ కాగితం మీద లేని లోపం ఫైటు తర్వాత పుట్టుకొస్తే, దాన్ని గెలిచినవాడే పుట్టించాడని అనుకోవాలి. "వాడు కాళ్ళు కదపలేకపోయాడు" అంటే, కదపనివ్వలేదేమో చూడాలి. "వాడు పంచులే వెయ్యలేదు" అంటే, వేసిన ప్రతిసారీ జవాబు పడుతుంటే ఎవరైనా చేతులు దగ్గర పెట్టుకుంటారు.

ఆ కాగితాన్ని పారెయ్యకండి. రెండేళ్ళ తర్వాత మళ్ళీ తియ్యండి. 2006లో కాల్జాగీ, ఓటమెరుగని జెఫ్ లేసీని 12 రౌండ్లు ఆడుకున్నాడు. తర్వాత లేసీ కోలుకోలేదు, దాంతో ఆ గెలుపు విలువ తగ్గించేశారు. 2013లో మేవెదర్ 23 ఏళ్ళ కెనెలోని ఓడించినప్పుడు "ఇంకా పిల్లాడు" అన్నారు. కెనెలో ఎదిగాక అదే గెలుపు ధర పెరిగింది. రెండు చోట్లా ఆ రాత్రి ఆడిన ఆటలో మార్పేమీ లేదు. కాల్జాగీ గెలుపుకి మీరు వేసిన ముందు విలువ ఎక్కువైతే, అదే నిలబెట్టండి. ఆ దెబ్బలతో లేసీని విరిచింది కాల్జాగీయే.

ఇంట్లో ఫైటు చూస్తూ స్కోరు వేస్తే జడ్జిలతో కలవట్లేదు. ఎందుకు?

మొట్టమొదట శబ్దం కట్టేయండి. కామెంటేటర్ ఎవరి కథ చెప్పాలని వచ్చాడో ఆ కథే వినపడుతుంది. పైగా గ్లవ్ మీద గ్లవ్ పడితే వచ్చే చప్పుడు, పొట్టకి నేరుగా దిగిన దెబ్బ చప్పుడు కన్నా పెద్దది. గార్డు మీద, అంటే అడ్డం పెట్టుకున్న చేతుల మీద పడ్డ పది దెబ్బలు చప్పుడు చేసి మోసం చేస్తాయి.

రౌండు అయిన నిమిషంలోపే 10-9 రాసేయండి. నాక్‌డౌన్ ఉంటే 10-8. తర్వాత దిద్దొద్దు. చూడాల్సినవి నాలుగు: శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చిన దూకుడు, రింగుని ఎవరు నడిపారు, డిఫెన్స్. ముందుకి నడిచినంత మాత్రాన దూకుడు కాదు, నడిచి తగిలించాలి. ఫోను తెర మీద జాబ్ ఆనదు. ఎదుటివాడి తల వెనక్కి వెళ్ళిందా అన్నది చూడండి, చెయ్యిని చూడొద్దు. ఆఖరి ముప్పై సెకన్ల హడావుడి మొదటి రెండున్నర నిమిషాలనీ మింగేస్తుంది, జాగ్రత్త.

జడ్జిలు కూడా మనుషులే. 2017లో కెనెలో, గోలోవ్కిన్ మొదటి ఫైటుకి ఒక జడ్జి కెనెలోకి 118-110 ఇచ్చింది, ఇంకొకరు గోలోవ్కిన్‌కి 115-113, మూడో జడ్జి 114-114. మొదటి కార్డు ప్రకారం గోలోవ్కిన్ రెండే రౌండ్లు గెలిచాడు. చూసినవాళ్ళలో ఎక్కువమంది అది తప్పనే అన్నారు, మేమూ అంటాం.

మా అమ్మాయి 5-0తో ఓడిందన్నారు. ఒక్క దెబ్బా కొట్టలేదా?

ఈ పొరపాటు ఇళ్ళల్లో చాలా గొడవలు పెడుతుంది. అమెచ్యూర్ బాక్సింగులో 5-0 అంటే అయిదు పాయింట్లు కాదు, అయిదుగురు జడ్జిలు. అయిదుగురూ 29-28 ఇచ్చినా అది 5-0యే. అంటే మూడు రౌండ్లలో ఒకటి మీ అమ్మాయిదే అయి ఉండొచ్చు. జడ్జిల విడి కార్డులు కోచ్‌నడిగి తెలుసుకోండి, అప్పుడు మాట్లాడండి.

నిఖత్ జరీన్‌కి కూడా ఇదే జరిగింది. నిజామాబాద్ అమ్మాయి, 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (గట్టివాళ్ళు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేకుండా దిగింది. రెండో బౌటులోనే చైనా బాక్సర్ వు యు ఎదురైంది, 5-0తో ఓడింది. "రెండో బౌటులోనే ఇంటికి" అని రాసేశారు. ఆ వు యు చివరికి అదే విభాగంలో స్వర్ణం గెలిచింది. ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే డ్రాలో ఆ ఇద్దరి పేర్లు వేరే వేరే వైపు పడి ఉంటే కథ ఇంకోలా రాసేవారు. ఓటమిని తూచేటప్పుడు కూడా ఎదుటివాళ్ళెవరో చూడాల్సిందే.

ఒకప్పుడు ఇంతకన్నా ఘోరాలు జరిగాయి. 1988 సియోల్ ఒలింపిక్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలిస్తే, కొరియా బాక్సర్ 32 తగిలించాడు. తీర్పు 3-2తో కొరియా వైపు వచ్చింది. ఆ గేమ్స్‌లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీ మాత్రం జోన్స్‌కే ఇచ్చారు! ఆ తర్వాత 1992 నుంచి కంప్యూటర్ స్కోరింగ్ పెట్టారు. ఒక సెకనులోపు ముగ్గురు జడ్జిలు బటన్ నొక్కితేనే పాయింటు. దానితో దగ్గరి దెబ్బలు, పొట్ట దెబ్బలు లెక్కలోకి రావడం మానేశాయి. 2013 నుంచి పది పాయింట్ల పద్ధతి వచ్చింది.

మేరీ కోమ్ రోజుల్లో పోటీయే లేదంటారు. నిజమా?

2002 నుంచి 2018 వరకు ఆరు ప్రపంచ స్వర్ణాలు. మొదట్లో మహిళల బాక్సింగ్ దేశాలు తక్కువన్నది నిజం. అయితే ఆమెని తూచడానికి లండన్ చాలు. 2012 ఒలింపిక్స్‌లో మహిళలకి పెట్టిన విభాగాలు మూడే: 51, 60, 75 కిలోలు. 48 కిలోల్లో ఆడుకునే మనిషి తనకన్నా పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్ళ మధ్యకి వెళ్ళి కాంస్యం తెచ్చింది. సెమీస్‌లో ఓడించిన నికోలా ఆడమ్స్ స్వర్ణం గెలిచింది.

తక్కువ బరువు వాళ్ళకి ఎందుకు పేరు రాదు?

టీవీ డబ్బు పెద్ద ఒళ్ళ చుట్టూ తిరుగుతుంది, అంతే. 105 పౌండ్లు, అంటే 48 కిలోలకి కొంచెం లోపు, ఆడిన మెక్సికో బాక్సర్ రికార్డో లోపెజ్ 51 గెలుపులు, ఒక డ్రా, ఓటమి లేకుండా రిటైరయ్యాడు. మన దగ్గర 48, 51 కిలోల్లో ఆడే పిల్లలు హెవీవెయిట్లని చూసి నేర్చుకునే బదులు అతని కాళ్ళు చూడాలి. దెబ్బ వేశాక ఉన్నచోట ఉండడు, సగం అడుగు పక్కకి వెళ్ళి మళ్ళీ వేస్తాడు.

మా అబ్బాయి జిల్లాలో వరసగా స్వర్ణాలు తెస్తున్నాడు. సెలక్షన్లప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఏం చెయ్యాలి?

ముందు ఆ స్వర్ణాలు ఎలా వచ్చాయో చూడండి. అతని బరువులో ఇద్దరే పేరిచ్చి, ఒకడు రాకపోతే అది వాకోవర్. పతకం అదే రంగులో ఉంటుంది, కానీ అడిగినవాడికి చెప్పడానికి ఏమీ ఉండదు.

ఒక 200 పేజీల నోటుపుస్తకం కొనండి. ప్రతి బౌటుకీ తేదీ, ఊరు, ఉదయం తూకంలో వచ్చిన బరువు, ఎదుటి పిల్లాడి పేరు, జిల్లా, ఎన్ని రౌండ్లు, జడ్జిల చీలిక, రెఫరీ ఆపితే ఏ రౌండులో, ఆ విభాగంలో మొత్తం ఎంతమంది దిగారు. గోడకి అంటించిన డ్రా షీటుని ఆరోజే ఫొటో తియ్యండి, సాయంత్రానికి చింపేస్తారు. వీడియో తీస్తే ఫోను అడ్డంగా పెట్టి, కార్నర్ పక్క నుంచి కాకుండా తాళ్ళ మధ్య నుంచి, ఇద్దరి పాదాలూ కనపడేలా తియ్యండి. ముఖాలు మాత్రమే పడితే ఏ సెలెక్టరూ దాన్నుంచి ఏమీ చెప్పలేడు.

తేలిగ్గా గెలవాలని పిల్లాడిని కింది బరువుకి దింపకండి. నీళ్ళు మానిపించి మూడు కిలోలు దింపిన పిల్లాడు రెండో రౌండుకి కాళ్ళు ఈడుస్తాడు. అలా గెలిచినా "పెద్దోడు చిన్నోళ్ళతో ఆడాడు" అంటారు. అంతకన్నా విశాఖలోనో మరో జిల్లాలోనో గట్టివాళ్ళున్న పోటీకి తీసుకెళ్ళండి. అక్కడ 3-2తో ఓడిన బౌటు, ఇక్కడి నాలుగు వాకోవర్ల కన్నా అతని పుస్తకంలో బరువుగా ఉంటుంది.

జడ్జిల కోసం, జనం కోసం ఆటతీరు మార్చాలా?

ఆటతీరు మార్చొద్దు, కనపడేలా చెయ్యాలి. జాబ్‌తో గెలిచే పిల్లాడు ఒక్కొక్క జాబ్ వేసి ఆగిపోతే దూరంగా కూర్చున్న జడ్జికి అది ఆనకపోవచ్చు. రెండు జాబ్‌లు, వెనక ఒక సూటి దెబ్బ, దాంతోనే పొట్టకి ఒక హుక్. మూడోది తగలకపోయినా, నాలుగు దెబ్బలు వేశాడన్నది కనపడుతుంది. వెనక్కి జరిగి తప్పించుకునేవాడు తాళ్ళ దాకా పోకూడదు. పక్కకి తిరిగి మళ్ళీ రింగు మధ్యకి వస్తే, నడిపిస్తున్నది తనేనని తెలుస్తుంది.

ఎక్కువమంది పిల్లలు పోగొట్టుకునేది మూడో రౌండు. రెండు రౌండ్లు గెలిచామని తెలిసి చేతులు దించేస్తారు. ఒకవేళ మొదటి రౌండులో ఇద్దరు జడ్జిలు వేరేలా రాసి ఉంటే, ఆ చేతులు దించిన రౌండే ఫలితం తేలుస్తుంది. సంచి మీద సాధన చేసేటప్పుడు మూడు నిమిషాల రౌండులో ఆఖరి నలభై సెకన్లు కోచ్ కేక వెయ్యాలి. ఆ కేక వినపడగానే మూడు నాలుగు దెబ్బల వరసలు, మధ్యలో అయిదేసి సెకన్ల విరామం. ఆరు రౌండ్లు, వారానికి మూడు రోజులు. నెల తిరిగేసరికి కేక లేకుండానే చేతులు వాటంతటవే లేస్తాయి.